ఎనిడ్ థ్రెల్‌ఫాల్ కొట్టని గోడ

స్పిండిల్ వీధిలో ఎవరింట కరెంటు బిల్లు పెరిగినా, ముందు కంపెనీని నాలుగు తిట్టి, తరవాత పద్నాలుగో నంబరు తలుపు తట్టేవారు. అది ఎనిడ్ థ్రెల్‌ఫాల్ ఇల్లు. బట్టల మిల్లులన్నీ మూతపడిన నెల్సన్ ఊళ్ళో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వరసలో ఆవిడ పుట్టింది, ఆ వరసలోనే కాపురం చేసింది. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించి రిటైరైంది. నెల నెలా ఒకటో తారీఖున టార్చి నోట కరుచుకుని, మెట్ల కింద అలమరలో దూరి మీటరు చదివేది. ఏటా అక్టోబరులో, ఎవరు తక్కువ రేటు చెబితే ఆ కొత్త కంపెనీకి గ్యాసూ కరెంటూ రెండూ మార్చేది. పాత కంపెనీవాడు ఫోన్ చేసి ఉండిపొమ్మని బతిమాలితే ఆవిడకు ఆ రోజంతా పండగే.

"మొగుణ్ణి తప్ప అన్నీ మార్చేసిందిది," అనేవాడు భర్త సెడ్రిక్.

"ఏం చెయ్యను, నిన్ను తీసుకునే కంపెనీ దొరకలేదు," అనేది ఎనిడ్.

సెడ్రిక్ నలభై ఏళ్ళు రాతి క్వారీలో పనిచేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. రెండేళ్ళుగా కుర్చీ పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకు గొట్టం. మిషన్ నడవాలంటే కరెంటు ఉండాలి. కరెంటు పోతే ఒక్క సిలిండరు, నిండుగా ఉంటే ఎనిమిది గంటలు. అందుకే ఆసుపత్రి నర్సు వాళ్ళ పేరు కరెంటు కంపెనీ దగ్గర, జబ్బు మనుషులున్న ఇళ్ళ పట్టికలో రాయించింది. గాలివాన వస్తుందంటే ముందురోజే ఫోనొచ్చేది. ఫోను రాగానే ఎనిడ్ నిండు సిలిండరు తెప్పించుకునేది.

ఆ రెండేళ్ళూ ఆవిడ మార్పుల జోలికి పోలేదు. మూడో అక్టోబరుకి చెయ్యి ఊరుకోలేదు.

కొత్త కంపెనీ అమ్మాయి ఫోనులో అన్నీ రాసుకుని, చివర్న అడిగింది. "ఇంకొక్కటి మేడమ్, ఇది అందర్నీ అడగాలి. మీ ఇంట్లో ప్రత్యేకంగా సాయం కావలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

సాయం! ఆ మాట వింటేనే ఎనిడ్‌కు ఒళ్ళు మండేది. మిల్లు మూసేసిన ఏడాది చర్చివాళ్ళు తెచ్చిన బొగ్గు బస్తాను వాళ్ళమ్మ గుమ్మం లోంచే తిప్పి పంపింది. ఆ చలికాలమంతా పిల్లలు కోట్లు వేసుకుని పడుకున్నారు.

"మేం బాగానే ఉన్నామమ్మా. మా పాట్లేవో మేం పడతాం," అంది.

"బాగా చెప్పావే," అన్నాడు కుర్చీలోంచి సెడ్రిక్, గొట్టం సర్దుకుంటూ.

పాత కంపెనీతో పాటే పట్టికలో తమ పేరూ పోయిందని ఎనిడ్‌కు తట్టనే లేదు. ఆవిడ దృష్టిలో సాయం అంటే దానం. గాలివానకి ఫోను రావడం వేరు, అది మీటరు లాగా ఇంటితో పాటే ఉండేది. మీటరు ముల్లు కదలడం కనిపెట్టే మనిషికి ఇది కనపడలేదు చూడండి, దాన్నేమనాలి!

జనవరిలో ఒక శుక్రవారం, పెరటి గోడ మీదుగా పక్కింటి నుస్రత్ పిలిచింది. ఆ పిల్ల అత్తగారు మంచం పట్టింది, కరెంటుతో నడిచే పరుపు మీద ఉంటుంది.

"ఆంటీ, పొద్దున్నే మాకు ఫోనొచ్చింది. రేపు పెద్ద గాలివానట. మీకూ చేశారుగా?"

"ఇంకా లేదు. చేస్తార్లే, మా సంగతి వాళ్ళ దగ్గర రాసుంది."

"మీరే ఒకసారి చేసి అడక్కూడదూ?"

"వాళ్ళు చెయ్యాల్సిన పనికి నేను దేబిరించడమెందుకే?"

"సర్లెండి. మా ఆయన తారిక్ జనరేటర్ అద్దెకు తెచ్చాడు. కావాలంటే గోడ మీదుగా వైరు లాగుతాం."

"మీ అవసరాలకే చాలదు తల్లీ. మేం సర్దుకుంటాం."

సిలిండరు ముల్లు పావు దగ్గరుంది. క్రిస్మస్‌కి సెడ్రిక్‌ను బయటికి తీసుకెళ్ళినప్పుడు వాడేశారు. ఎనిడ్ ఆ ముల్లు చూసింది, ఫోను చూసింది, టీ పెట్టుకుంది. ఎందుకో ఆ సాయంత్రం రెండుసార్లు రిసీవరెత్తి, లైను పనిచేస్తోందో లేదో విని పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది. సిలిండరుకి గొట్టం తగిలించి, ఎనిడ్ కంపెనీకి ఫోను చేసింది. గంటంబావు పాటలు వినిపించాక ఒకడు పలికాడు.

"మీ ఖాతాలో జబ్బు మనుషులున్నట్టు లేదండీ. అక్టోబరులో అడిగితే బాగానే ఉన్నామన్నారు మీరే. మీ గొంతు రికార్డయి ఉంది."

ఎనిడ్ ఆ ఫోను పెట్టేసింది. అంబులెన్సుకి చేస్తే, దారిలో చెట్టు కూలిందన్నారు, ఆలస్యమవుతుందన్నారు.

చలికి బొగ్గు మంట వేసుకునే పొయ్యి పక్కన, నిప్పులు కెలికే ఇనుప కడ్డీ ఉంది. ఆ వరస ఇళ్ళలో పొయ్యి వెనక గోడ మీద కడ్డీతో కొడితే పక్కింటికి వినపడుతుంది. పురుళ్ళకీ చావులకీ అలాగే పిలుచుకునేవారు. ఎవరు కొట్టినా ముందు పరిగెత్తింది ఎనిడే. తను మాత్రం జన్మలో కొట్టలేదు.

కడ్డీ తీసింది. గోడ అవతల జనరేటర్ గుడగుడలాడుతోంది. నిన్ననే కదా వద్దన్నాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవను, అనుకుంది. కడ్డీ పెట్టేసింది. అంబులెన్సు వచ్చేస్తుందిలే అని కిటికీ దగ్గర నిలబడింది. పది నిమిషాలు. ఇరవై. సిలిండరు ముల్లు సున్నా మీద పడింది. వెనక్కి తిరిగేసరికి సెడ్రిక్ పెదాలు నీలంగా ఉన్నాయి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు.

అప్పుడు కొట్టింది. ఇటుక పెచ్చులు రాలేదాకా కొట్టింది.

తారిక్ గోడ దూకాడు. నుస్రత్ వైరు అందించింది. రెండు నిమిషాల్లో మిషన్ మొదలైంది.

"ఇంతసేపేం చేశారాంటీ?" అని నుస్రత్ ఏడ్చేసింది. "మేం ఇక్కడే ఉన్నాం కదా!"

ఎనిడ్ వంగి సెడ్రిక్ ముక్కుకు గొట్టం సరిచేసింది.

సెడ్రిక్ సోమవారం ఆసుపత్రిలో పోయాడు. ఇంకాస్త ముందు గాలి అంది ఉంటే, అని డాక్టరు ఏదో చెప్పబోయి, ఆవిడ మొహం చూసి ఆపేశాడు.

మూడు వారాలకి, ఖాతాలో ఆయన పేరు తీయించడానికి ఎనిడ్ కంపెనీకి ఫోను చేసింది. అమ్మాయి సంతాపం చెప్పి, వివరాలు రాసుకుని, చివర్న అడిగింది. "క్షమించండి, ఇది అందర్నీ అడగాలి. మీ ఇంట్లో ప్రత్యేకంగా సాయం కావలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఎనిడ్ పొయ్యి వంక చూసింది. పెచ్చులు ఊడిన చోట గోడ ఎర్రగా ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. ఫోనులో ఆ అమ్మాయి "హలో, హలో" అంటోంది.

"ఉన్నారు," అంది ఎనిడ్.

"ఎవరండీ?"

"నేనేనమ్మా."