మా నాయిననడిగి చెప్త

మొన్న ఆదివారం మా అబ్బాయి సైన్సు పుస్తకం తెచ్చి, పునరుత్పత్తి పాఠం అర్థం కాలేదంటూ వాళ్ల నాన్న ముందు కూర్చున్నాడు. మా వారు ఎవరిదో ఫోన్ వస్తోందని బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఫోనేమో వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే మా నాయిన గుర్తొచ్చాడు.

అప్పట్లో మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం. నాయిన మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, చర్చిలో సంఘపెద్ద. ఆయన గొంతెత్తితే వీధి చివరి కుక్క కూడా లేచి నిలబడేది. అమ్మ సంగతి వేరు. టీవీలో కాస్త ఇబ్బందిగా ఉండే ప్రకటన మొదలవగానే ఆమెకు దాహం వేసేది, మంచినీళ్లకు నన్ను లేపేది. తెచ్చాక తాగక తప్పేది కాదు పాపం. ఆ విషయాల గురించి మా ఇంట్లో నేను నేర్చుకున్నదల్లా, అవి వచ్చినప్పుడు లేచి వెళ్లిపోవాలని.

నేను పదో తరగతిలో ఉండగా పాస్టరయ్య ప్రసంగం మధ్యలో, ఎదిగే పిల్లలతో ఇలాంటివి తల్లిదండ్రులే మాట్లాడాలని గట్టిగా చెప్పారు. సంఘపెద్ద కాబట్టి నాయినకు తప్పించుకునే దారి లేదు. ఆ సాయంత్రమే నన్ను స్కూటరెక్కించుకుని శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్లాడు. కట్టమీద కూర్చోబెట్టి, కాల్చిన మక్కకంకి చేతికిచ్చి, గొంతు సవరించుకుని చేపలతో మొదలుపెట్టాడు. చేప గుడ్లు పెడుతుందన్నాడు. ఆ గుడ్ల దగ్గరే ఆగిపోయాడు. కాసేపు నీళ్లవైపు చూసి, ఈ ఏడు చెరువు బాగా నిండిందన్నాడు. అక్కడినుంచి చేపల ధరలకు, ధరలనుంచి ఫ్యాక్టరీ క్యాంటీన్ కూరకు వెళ్లి ఇక వెనక్కి రాలేదు. నా కంకి అయిపోయింది. స్కూటర్ స్టార్ట్ చేస్తూ, నావైపు చూడకుండా, "ఏదన్న ఉంటే ముందుగాల నాకే చెప్పాలె బిడ్డా" అన్నాడు. చేపల గురించేమోననుకుని సరేనన్నాను.

ఇంటర్ రెండో ఏడు మా క్లాసు అబ్బాయొకడు నాకు నచ్చాడు. నేనూ అతనికి నచ్చాను. ఒకరోజు బస్టాప్‌లో, కుత్బుల్లాపూర్‌లో తన స్నేహితుడి గది ఖాళీగా ఉంటుందని, అక్కడికెళ్లి మాట్లాడుకుందామని అడిగాడు. ఉన్నమాటే చెప్పాను.

"మా నాయిననడిగి చెప్త."

నేను పరాచికాలాడటం లేదని నా ముఖం చూస్తే అతనికి అర్థమైంది. వచ్చిన మొదటి బస్సు ఎక్కేశాడు. అతని ఇల్లు హైదరాబాద్ వైపు, ఆ బస్సు కామారెడ్డిది.

నేను నిజంగానే అడిగాను. నాయిన అన్నం తింటున్నాడు. చేతిలో ముద్ద ఆగిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడూ ఆగిపోయింది. చెంపదెబ్బకు సిద్ధమై నిలబడ్డాను.

"నీకు పోవాలనున్నదా?" అన్నాడు.

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఆ అబ్బాయీ అడగలేదు, నాకు నేనూ వేసుకోలేదు. "లేదు, భయమైతాంది. గని నేనంటే ఇష్టమని తెలిస్తే మంచిగనిపిచ్చింది" అన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "అనిపిస్తది. అట్లనిపించుడు తప్పుగాదు. వాడేమనుకుంటడో అని పోకు. నేను కొడతనని దాయకు. నాకు కోపమొస్తది. వచ్చినా చెప్పు."

మర్నాడు అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాయిన గుడ్ల దగ్గర వదిలేసిన పాఠాన్ని, తల ఎత్తకుండా, ఒక్క ఊపున పూర్తిచేసింది. అంత తెలిసిన మనిషి ఇన్నాళ్లూ ఎలా ఊరుకుందో నాకర్థం కాలేదు. ఆ కంగారులో గింజలు చెత్తలోకి, నారలు గిన్నెలోకి వెళ్లాయి. కూర ఎవరూ తినలేకపోయాం. ఎవరూ వంక పెట్టలేదు.

ఆ అబ్బాయి మళ్లీ నాతో మాట్లాడలేదు. కొన్నాళ్లు ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, దాక్కుని ఏడవాల్సిన అవసరం రాలేదు. మా అమ్మానాయినలకు ఆ నాలుగు మాటలు పెగలడానికి ఏళ్లు పట్టింది. వాళ్లు ఎంత భయపడుతూ ఆ మాటలన్నారో తెలియడానికి నేను వాళ్ల వయసుకు రావాల్సి వచ్చింది.