కొమ్మల మీది సంఘం

వేసవి సెలవుల్లో కాలేజీ ఇంగ్లీషు లెక్చరరుకి దొరికే గౌరవప్రదమైన పని దుబాసీతనం. పల్లె పాస్టర్లకు నెలనెలా సాయం చేసే విదేశీ మిషన్ తరఫున ఒక దొరగారు వచ్చారు. ఆయన ఇంగ్లీషును నేను తెలుగు చేయాలి. ముసునూరు దగ్గరి ఒక పాస్టరుగారికి సాయం కొనసాగించాలా వద్దా అన్నది ఆ ఆదివారం ఆరాధన చూసి ఆయన తేల్చాలి. సాయం ఆగితే పాస్టరుగారు సంఘాన్ని వదిలేసి, విజయవాడలో ఏదో అపార్టుమెంటుకి కాపలా కాయాలి.

మేం వెళ్ళేసరికి చర్చిలో ఒక కుక్క ఉంది. శ్రద్ధగానే కూర్చుంది.

"జనం ఏరండీ?" అని పాస్టరుగారిని అడిగాను.

"మామిడి కోతలో ఉన్నారు మాస్టారూ. ఆదివారమని కాయ ఆగుతుందా ఏంటి? ఈ నెలంతా నేనే తోటకెళ్ళి ఆరాధన పెడుతున్నాను."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే దొరగారు వర్షాలకి వస్తానంటారు. అప్పటిదాకా నన్నెవరు ఉంచుతారండీ?"

తోటకి వెళ్ళాం. మగవాళ్ళు చెట్ల మీద, ఆడవాళ్ళు కింద కాయలు సర్దుతూ ఉన్నారు. తోట రైతు హిందువు. ఆరాధనకి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "పాటలు పాడుకోండి, పర్లేదు. కాయ మాత్రం నేల మీద పడకూడదండీ."

దొరగారు ప్రార్థన మొదలుపెడుతూ అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. నేను నిజాయితీగా తెలుగు చేశాను. పాస్టరుగారు కంగారుగా అడ్డొచ్చారు.

"కిందున్నోళ్ళు మూసుకోండి. చెట్టెక్కినోళ్ళు తెరిచే ఉంచండి. ప్రభువు చూసుకుంటాడు గానీ, మీరూ కాస్త చూసుకోండి."

"అయ్యగారూ, నేను నిచ్చెన మీదున్నాను. సగం మూయనా?" అని ఆకుల్లోంచి ఒక గొంతు.

"చర్చిలోనే నిద్రపోతావు నువ్వు. తెరువు."

ఏమంటున్నారని దొరగారు అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. ప్రార్థన ముగించాక తలెత్తి, కొమ్మల మధ్య కనిపించిన పాదాలన్నీ లెక్కపెట్టి రెండుతో భాగించారు.

కారెక్కాక ఒక ఫారం తీశారు. సభ్యులు కూర్చోవడానికి తగిన ఏర్పాటు ఉందా అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగి, 'పుష్కలంగా' అని రాశారు. దాని కింద, సాయం కొనసాగించాలని రాసి సంతకం పెట్టారు.

పాస్టరుగారు కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డారు. "ఏం రాశారు మాస్టారూ?"

"మిమ్మల్ని ఇక్కడే ఉంచుతున్నారండీ."

ఆయన కాసేపు కిటికీ వదల్లేదు. తర్వాత, "మరి వస్తానండీ, ఇంకా వాక్యం చెప్పలేదు వాళ్ళకి," అంటూ తోటలోకి వెళ్ళిపోయారు.