మక్కల గచ్చు మీద నిచ్చెన

కొమురవెల్లి మల్లన్న సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. (మా ఊళ్లో నన్నెరిగినవాళ్లు ఈ మాట దగ్గరే చదవడం ఆపేస్తారు. మీరు ఎరగరు గనుక ధైర్యంగా రాస్తున్నాను.) ఆ రోజుల్లో సిద్దిపేటలో మనిషికి పొడుగు దేనికి పనికొస్తుందని అడిగితే, అటక మీది గంగాళం దించడానికని చెప్పేవాళ్లు. కబడ్డీకి వాడకట్టుకో జట్టు ఉండేది. వాలీబాల్ ఆడేవాళ్లకు లెక్కే లేదు. బాస్కెట్‌బాల్ మాత్రం మేం ఆరుగురం ఆడేవాళ్లం, చూసేవాళ్లు అంతకంటే తక్కువ. ఆ ఆరుగురిలోనూ ఆట బొత్తిగా రానివాణ్ని నేనే కాబట్టి నన్ను మేనేజర్ చేశారు. డిగ్రీ తప్పి, మేనమామ గింజల దుకాణంలో సంచుల మూతులు కుట్టించే పని చూసుకుంటున్న నాకు జీవితంలో అదే మొదటి పదోన్నతి.

మేం ఆడే జాగ కూడా మామదే. మా తాత బతికున్న రోజుల్లో పిల్లలు ఆడుకుంటారని సిమెంటు గచ్చు పోయించి, రెండు వైపులా ఇనుప స్తంభాలు పాతించి రింగులు బిగించాడు. ఆయన పోయాక మామకు ఆ గచ్చు మీద ఆట కనిపించలేదు, కల్లం కనిపించింది. మక్కలు, అంటే మొక్కజొన్నలు, చేతికొచ్చే కాలంలో గచ్చంతా ఆరబోసిన పసుప్పచ్చటి కుప్పలే. మిగతా ఊళ్ల జట్లు ఆటలేని కాలంలో విశ్రాంతి తీసుకునేవి. మేం కుప్పల మధ్య సందుల్లోంచి బంతి కొట్టుకుంటూ పోయేవాళ్లం. ఒక్క గింజ కాలికింద పడిందా, ఎక్కణ్నుంచో మామ గొంతు లేచేది: "అరేయ్! తినే గింజను తొక్కుతార్రా? కండ్లు నెత్తికెక్కినయా?" దానివల్ల మావాళ్లకు బంతి మీద గొప్ప అదుపు వచ్చిందన్నది నిజం. అయితే మక్కలు ఎత్తేశాక కూడా, లేని కుప్పల చుట్టూ వంకరటింకరగానే పరిగెత్తేవాళ్లు. ఎదుటి జట్లు మొదట్లో దీన్ని ఏదో కొత్త వ్యూహమనుకుని కంగారుపడేవి. కాసేపట్లో తేరుకుని, తిన్నగా పరిగెత్తి, మమ్మల్ని ఓడించి వెళ్లిపోయేవి.

ఒకరోజు దుకాణంలో మామ ప్రకటించాడు. "అల్లుడా, గీ ఎండకాలం అయినంక గా స్తంభాలు పీకిస్త. రేకుల షెడ్డు ఏస్త. ఎన్నడన్న ఒక్క ఆట గెల్చిన్రా మీరు?"

"ఒక్కటి గెలిస్తే?" అన్నాను.

"గెలువున్రి జూద్దాం. ఒక్కటంటే ఒక్కటి గెలిస్తే షెడ్డు ముచ్చటే ఎత్తను."

ఈ సంగతి మా కెప్టెన్‌కు చెప్పాను. అతణ్ని అందరూ గుండు అనేవారు. ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలియని గుండు, పొద్దున్నే లేచి గచ్చంతా తానే ఊడ్చేవాడు. నా మాట విని బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. "గచ్చు వోతే నేనేడికి వోవాలెరా?" అన్నాడు. గుండు అలా మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు నిశ్చయించుకున్నాను, జట్టును మొదట్నుంచీ కట్టాలని.

ముందుగా, పరిగెత్తలేక మధ్యలో నిలబడిపోయే మా భారీ శరీరుణ్ని కబడ్డీ జట్టుకిచ్చి, బదులుగా వాళ్ల దగ్గర పట్టుకు దొరక్కుండా జారిపోయే ఇద్దరు బక్క కుర్రాళ్లను తెచ్చాను. (ఆ భారీ శరీరుడు అక్కడ మహా యోధుడయ్యాడు. ఇప్పటికీ కనిపిస్తే దండం పెడతాడు.) వాళ్లకు ఉడకబెట్టిన మక్కకంకులు, గుండు తిట్లు రెండుపూటలా పెట్టాం. వేగం వచ్చింది. లోపమల్లా రింగు దగ్గర నిలబడి పైనుంచి బంతి అందుకునే పొడుగాటి మనిషి. వాణ్ని సెంటర్ అంటారు. మా అందరిలోకీ పొడుగువాడు గుండు. గుండు ఎంత పొడుగంటే, వాళ్లమ్మ అటక మీది గంగాళం దించడానికి పక్కింటివాళ్లను పిలిచేది.

పొడుగువాళ్లు ఎక్కడ దొరుకుతారు? నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కొమురవెల్లి జాతరలో జనమంతా ఒకచోట నిలబడతారు, తల ఎవరిది పైకుంటే వాడే మనవాడు. ఆదివారం పొద్దున్నే నేనూ గుండూ వెళ్లి, ఒక పేలాల దుకాణం బల్లెక్కి జనాన్ని పరికించసాగాం. మధ్యాహ్నానికి కనిపించాడు. తప్పిపోయిన పిల్లవాణ్నెవర్నో రెండు చేతులతో పైకెత్తి, "గీ పోరడెవరోడు? గీ పోరడెవరోడు?" అని అరుస్తున్నాడు. ఆ పిల్లవాడి కాళ్లు మా రింగంత ఎత్తున ఆడుతున్నాయి. (కొంచెం తక్కువే అనుకోండి.) "నిచ్చెనరా!" అన్నాడు గుండు రెండు చేతులూ జోడించి. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఊరు మిరుదొడ్డి అని కనుక్కుని, మర్నాడే వాళ్లింటికి వెళ్లాం. చక్కటి వ్యవసాయదారుల ఇల్లు, వాకిట్లో ట్రాక్టరు. తండ్రి మమ్మల్ని మంచంమీద కూర్చోబెట్టాడు, తల్లి సర్వపిండి తెచ్చిపెట్టింది. నేను పనిలోకి దిగాను. పిలగాడి వయసెంత, ఇంకా పెరుగుతాడా, తాతలూ మేనమామలూ ఏ పొడుగు అని అడిగాను. చేతులు చాపమన్నాను, వాకిట్లో ఆ చివరిదాకా నడిచి రమ్మన్నాను. తండ్రి ఓపిగ్గా అన్నీ చెప్పి, "మీరు ఎవలింటికెళ్లి అచ్చిన్రు బిడ్డా?" అన్నాడు.

"సిద్దిపేట గింజల సేటు మేనల్లుణ్ని."

"సేటుకు పిల్లలెందరు?"

"ఒక్కతే బిడ్డ. డిగ్రీ సదువుతుంది."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కొనసాగించాను. "పిలగాన్ని రోజు సిద్దిపేట పంపున్రి. కొన్ని దినాలు మేం చూసి, పనికొస్తడా లేదా చెప్తం."

"చూడాలె మరి," అంది తల్లి తలూపుతూ. "ఇల్లరికమన్నంక ఊకెనే తీసుకపోతరా? నడవడి చూడొద్దా?"

అప్పుడర్థమైంది నాకు, మేం వెళ్లిన పని వాళ్ల దృష్టిలో ఏమిటో. అది కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను, ఒట్టు. కానీ నోటినిండా సర్వపిండి ఉంది. అది మింగేలోపల ఆ తల్లి, "రేపటికెళ్లి రోజు పాలు, నెయ్యి పెట్టి పంపిస్త," అంది. ఏ జట్టుకు దొరుకుతుంది చెప్పండి అలాంటి అదృష్టం! నేను ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాను. బయటికొచ్చాక గుండు నా భుజం పట్టుకుని ఆపాడు. "అరేయ్, గామె నీ మరదలు గదరా! పుట్టినప్పటికెళ్లి నీకే అనుకుంటున్రు గదరా ఇంట్ల!"

నిజమే. మేనమామ బిడ్డ మేనల్లుడికేనని మా అవ్వ, మామ, వాడకట్టు అంతా ఎప్పుడో తీర్మానించేశారు. మమ్మల్నిద్దర్నీ ఎవరూ అడగలేదు గానీ, అడిగేదేముంటుంది? "మామకు గెల్చి చూపెట్టే మ్యాచ్ అయ్యేదాక ఓపిక పట్టురా," అన్నాను. "గెల్చినంక నేనే వోయి చెప్త." కాస్త ఆగి, "ఓడితే నువ్వు పో," అన్నాను.

నిచ్చెన రోజూ పొద్దుటి బస్సులో దిగేవాడు, తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంబంధం కోసం వచ్చిన పెళ్లికొడుకులాగే. (ఆట కూడా పరీక్షలో భాగమనుకున్నాడు పాపం. పట్నపోళ్లు పిలగాణ్ని ఇట్లా చూస్తారు కాబోలనుకున్నాడు.) వాడికొక వరముంది. గడ్డివాము వేసేటప్పుడు కింద నిలబడి మోపులు పైకి విసిరి విసిరి, ఏది విసిరినా అనుకున్నచోట పడేసేవాడు. ఒక శాపమూ ఉంది. పెద్దంతరం చిన్నంతరం మరీ ఎక్కువ. బంతి వాడి చేతిలో ఉన్నప్పుడు వయసులో పెద్దవాడెవడైనా అడ్డమొస్తే, "తీస్కో అన్నా," అని ఇచ్చేసేవాడు. గుండు నెత్తి కొట్టుకునేవాడు. "గచ్చు మీద అన్నల్లేరు, తమ్ముళ్లు లేరురా! మీ బాపు అడ్డమొచ్చినా ఇయ్యకు!"

"బాపు అడుగుతె గూడ ఇయ్యద్దా అన్నా?" అని కంగారుగా నా వంక చూసేవాడు వాడు. ఆ ఒక్క మాట వాడి బుర్రకెక్కించడానికే మా వేసవి సగం గడిచిపోయింది.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. పక్క జిల్లా నుంచి మంచి జట్టును పిలిచాం. మామ కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. గుండు ఆ పొద్దు గచ్చును ఊడ్చి, కడిగి, మళ్లీ ఊడ్చాడు. ఆట మొదలవబోతుండగా మిరుదొడ్డి నుంచి ట్రాక్టరు దిగింది. అందులోంచి నిచ్చెన తల్లీ తండ్రీ, మేనత్తలు, బాబాయిలు, ఒక ముసలావిడ, పండ్ల గంప. నేను గుండు వెనక్కి జరిగాను. తల్లి నేరుగా వెళ్లి మా మరదలికి బొట్టు పెట్టి, జడలో మల్లెపూలు తురిమి, చుబుకం పట్టుకుని చూసి వెళ్లింది.

మరదలు నా దగ్గరికొచ్చింది. "బావా, గా అమ్మ నాకెందుకు పూలు పెట్టింది?"

"మ్యాచ్ అయినంక చెప్త."

ఆమె గచ్చు మీదున్న నిచ్చెనను ఒకసారి, నన్నొకసారి చూసింది. మా ఇంట్లో అందరికంటే తెలివైంది. "గా పొడుగాయనేనా?"

"టీం కోసం..." అన్నాను.

"నన్నిచ్చి గాయన్ని తెచ్చుకున్నవా?"

నేను వంగి, ఊడని బూటు లేసు మళ్లీ కట్టుకున్నాను.

"నయం, ఒక్కడే తక్కువయ్యిండు. ఐదుగురు తక్కువైతే ఏం జేస్తుంటివి బావా?" అని, కోపమో నవ్వో తెలియని మొహంతో వెళ్లి వాళ్ల నాయిన పక్కన కూర్చుంది.

ఇక ఆట సంగతి. ఇద్దరు బక్కవాళ్లూ లేని కుప్పల చుట్టూ తిరుగుతూ ఎదుటివాళ్ల కళ్లు తిప్పేశారు. నిచ్చెన ఆకాశంలోంచి బంతులు కోసుకొచ్చాడు. ఒకే ఒక్కసారి, నెత్తి నెరిసిన ఎదుటి కెప్టెన్ అడ్డమొస్తే, అలవాటు కొద్దీ, "తీస్కో..." అనబోయి నాలుక కరుచుకున్నాడు. మిరుదొడ్డి మేనత్తలు, "అల్లుడా, ఇయ్యకు! ఇయ్యకు!" అని అరిచారు. చివరికి కొన్ని క్షణాలే మిగిలాయి. మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నిచ్చెన చేతికొచ్చింది, రింగు ఎక్కడో దూరంగా ఉంది. గడ్డిమోపు విసిరినట్టు ఒంటిచేత్తో విసిరాడు. బంతి మామ తల మీదుగా, వేపచెట్టు కొమ్మల మీదుగా లేచి, అక్కడ కాసేపు విశ్రాంతి తీసుకుని, రింగును తాకకుండా వలలోంచి జారింది. గుండు గచ్చు మీద బోర్లాపడి సిమెంటును ముద్దుపెట్టుకున్నాడు. మామ మాట తప్పే మనిషి కాదు. షెడ్డు ముచ్చట ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడాది అదే గచ్చు మీద పందిరి వేసి, స్తంభాలకు మామిడాకులు కట్టి, మా మరదలికీ నిచ్చెనకూ పెళ్లి చేశారు. ఇల్లరికపు అల్లుడు ఇప్పుడు మామ దుకాణం గల్లా మీద కూర్చుంటాడు. ఎవరైనా బేరమాడితే నేటికీ, "తీస్కో అన్నా," అనేస్తాడట. మరదలు పక్కన లేకపోతే ఆ దుకాణం ఎప్పుడో మూతపడేది. నాకు వేరేచోట సంబంధం కుదిరింది, నాకేమీ లోటు లేదు. (మా ఆవిడ ఇది చదువుతుంది.) వేసవి సాయంత్రాలు గచ్చు దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. గుండుకు మోకాళ్ల నొప్పులు, అయినా పొద్దుట ఊడ్వడం మానలేదు.

ఇంతదాకా చదివారు గనుక మీకొక మాట చెప్పకపోతే మల్లన్న క్షమించడు. ఇదంతా నిజమే, ఆ చివరి బంతి తప్ప. అది పడలేదు. రింగు మీద గిర్రున తిరిగి బయటికి దూకింది, మేం ఓడిపోయాం. మామ లేచి, "రేపు గడ్డపారలు తెండ్రి," అన్నాడు కూడా. అప్పుడు నిచ్చెన తండ్రి పండ్ల గంప ఆయన ముందు పెట్టి, "బావా, పిలగాడు ఆడేటి గీ జాగల షెడ్డు ఏసి మక్కలు పోస్తవంటున్రు, నిజమేనా?" అని అందరూ వినేట్టు అడిగాడు. మామ గంపను చూశాడు, ట్రాక్టరును చూశాడు, జడనిండా పూలతో ఉన్న బిడ్డను చూశాడు. "మక్కలా? గీడనా? ఎవడన్నడు బావా? గిది ఆటజాగ," అన్నాడు. గుండు గచ్చును ముద్దుపెట్టుకుంది అప్పుడు. ఇది చెబితే ఎవరూ నమ్మరు, చివరి క్షణంలో బంతి పడిందంటే అందరూ నమ్ముతారు. అందుకే అలా రాశాను.

బంతి రింగు మీద తిరుగుతున్నంతసేపూ ఊరంతా దాన్నే చూసింది. మా మరదలు మాత్రం దాన్ని విసిరినవాణ్ని చూస్తూ ఉండిపోయింది. నేను మేనేజర్ని, బంతినే చూడాలి. అది ఏ వైపు పడిందో నాకు గుండు చెబితేనే తెలిసింది.