గొట్టం మీది డేగ

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆవిడది. వారమంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేయడం, ఆదివారం వస్తే మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పిట్టల వెంట పడటం. ఇన్నేళ్ళలో అరుదైన పిట్ట ఒక్కటీ ఆవిడ కంటపడలేదు. పిట్టలు చూసేవాళ్ళ బృందంలో ఆవిడంటే మంచి మనిషి, అంతే. "ఇవాళ ఎన్ని కాకులు?" అని భర్త ఆటపట్టిస్తే ఉడుక్కునేది.

శనివారం సాయంత్రం ఇంటి వెనక, మూతపడ్డ మిల్లు పొగగొట్టం మీద డేగ వాలింది. ఈ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగని రకం. ఆవిడకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వెనకాముందూ చూడకుండా చోటుతో సహా బృందానికి మెసేజ్ పెట్టేసింది. వేటపక్షి కనబడితే గూడు లేదని తేల్చుకున్నాకే చోటు చెప్పాలన్నది వాళ్ళ కట్టుబాటు. సంతోషం ముంచుకొచ్చినప్పుడు కట్టుబాట్లు ఎవరికి గుర్తుంటాయి?

తెల్లారేసరికి సందు నిండా కార్లు, కెమెరాలు. ఆ అలికిడికి లేచిపోయిన డేగ ఎక్కడో పైన చుక్కలా తిరుగుతోంది. అది డేగో కాదో కింది నుంచి ఎవరూ తేల్చలేకపోయారు. ఎండ ముదిరాక ఆవిడ డాబా ఎక్కి చూసింది. గొట్టం అంచున ఇటుకలు ఊడిన చోట, తెల్లటి నూగుతో పిల్ల. తల్లి నీడ లేక, నోరు తెరిచి రొప్పుతోంది.

కిందికి దిగేసరికి పెద్ద కెమెరా పట్టుకున్న ఒకాయన మిల్లు కాపలావాడిని బతిమాలుతున్నాడు.

"ఆ ఇనప నిచ్చెన ఎక్కి ఒక్క ఫోటో తీసుకుని దిగిపోతానయ్యా."

గూడు ఉందని చెబితే సగం మంది నొచ్చుకుని వెళ్ళిపోతారు. మిగతా సగం రేపు ఇంకో పదిమందిని వెంటేసుకుని వస్తారు. ఆ సగం సంగతి ఆవిడకు బాగా తెలుసు.

బృందానికి పెద్దదిక్కైన మాస్టారు దగ్గరికొచ్చారు. "ఫోటో లేకపోయినా పర్లేదమ్మా. నువ్వు చూశానంటే చాలు, బృందం పుస్తకంలో నీ పేరు మీదే రాసేస్తాను."

ఆ మాట కోసం ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది.

"రాయకండి మాస్టారూ. ఇప్పుడే డాబా మీంచి సరిగ్గా చూశాను. అది మామూలు గద్ద. నేనే పొరబడ్డాను."

"గద్ద కోసమా రాత్రంతా కారు నడిపింది?" అన్నారెవరో. "అద్దాలు చేసే మనిషికే అద్దాలు కావాల్సొచ్చినట్టుంది" అన్నాడు పెద్ద కెమెరా ఆయన, సామాను సర్దుకుంటూ. మాస్టారు తిట్టలేదు. "ఇకమీదట ఫోటో ఉంటేనే చెప్పమ్మా" అని కారెక్కారు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

సందు ఖాళీ అయింది. డేగ మాత్రం దిగిరాలేదు. పిల్ల తల వాల్చేసింది. డాబా మీద నిలబడి ఆవిడ తన్ను తానే తిట్టుకుంది, ఏడ్చింది. ఎంతకో గొట్టం మీదుగా ఒక నీడ జారింది. తల్లి వాలి, రెక్కలు సగం విప్పి పిల్లకు గొడుగు పట్టింది. కాసేపటికి పిల్ల తల కదిలింది.

వెనక అడుగుల చప్పుడు. భర్త టీ తెచ్చాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్క మాట చెవిన పడితే చాలు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది.

"నాకైనా నిజం చెప్పు. నిన్న నువ్వు చూసింది డేగేనా?"

ఆవిడ గొట్టం కనబడకుండా ఆయనకు అడ్డంగా నిలబడింది.

"గద్దేనండి."

"పోనీలే" అన్నాడాయన, గ్లాసు చేతికిస్తూ. "నేనైతే నిన్న నిజంగానే నమ్మాను."