గాలి తగ్గిందా అని అడిగే ఫోను

మా ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు తీసెయ్యమని గొడవ పెట్టుకున్నది నేనే. ఈ సంగతి మా ఇంటాయన నాకు రోజుకి రెండుసార్లయినా గుర్తుచేస్తాడు.

పోయినేడాది పడమటి గాలికి తీగలు ఒకదానికొకటి రాసుకుని, నిప్పురవ్వలు మా జీడితోటలో ఎండాకుల మీద రాలాయి. బిందెలతో పరిగెత్తి, పచ్చికొమ్మలతో బాది ఆర్పేసరికి కాపు మీదున్న తొమ్మిది చెట్లు బొగ్గయ్యాయి. మర్నాడు లైన్‌మ్యాన్ కనిపిస్తే వీధిలో నిలబెట్టి దులిపేశాను. గాలి లేచిందంటే కరెంటు తీసెయ్యడానికి నీకేం రోగమన్నాను.

"తియ్యడానికేటి వదినా, తీసెత్తాను. మళ్ళీ ఎప్పుడియ్యాలో నాకెలా తెలుత్తది? సబ్‌స్టేషన్ కాడ ఆకు కదలదు, మీ తోట కాడ సెట్లూగుతుంటాయి. నువ్వు సెప్తావా?" అన్నాడు.

పౌరుషానికి పోయి సరే అన్నాను. అప్పట్నుంచీ గాలి రోజుల్లో పదకొండింటికల్లా కరెంటు పోతుంది. నాలుగు దాటాక అతను ఫోన్ చేసి, గాలి తగ్గిందా వదినా అని అడుగుతాడు. నేను తగ్గిందంటేనే ఇస్తాడు. ఆ పెత్తనానికి కొన్నాళ్ళు మురిసిపోయాను కూడా.

ఈ ఎండాకాలం వచ్చేసరికి ఇంటాయన వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మా ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. రక్తం బాగా తగ్గిపోయింది, పెరట్లో నూతిదాకా నడిస్తే ఆయాసం. రక్తం పట్టడానికి వారానికో సూది. నెలకు సరిపడా నాలుగు చిన్న సీసాలు నా చేతిలో పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టమ్మా, వేడి తగలకూడదు అన్నారు హాస్పిటల్లో. గడ్డకట్టకూడదని కూడా చెప్పే ఉంటారు. నా చెవికి వేడి ఒక్కటే ఎక్కింది.

గాలి లేచిన రోజున నాకు కాలు నిలిచేది కాదు. పది నిమిషాలకోసారి ఫ్రిజ్ తలుపు తీసి సీసాల మీద చెయ్యి పెట్టేదాన్ని.

"అలా తీత్తుంటే ఉన్న సల్లదనం కాస్తా పోతదే," అనేవాడు మంచం మీంచి.

నిజమే. మూసేసేదాన్ని. మళ్ళీ తీసేదాన్ని.

నా అవస్థ చూసి అక్కుపల్లి నుంచి ఆయన స్నేహితుడు, సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి, థర్మకోల్ పెట్టె నిండా పడవ ఐసు తెచ్చాడు. ఆ నెలకిచ్చిన నాలుగు సీసాలూ అందులో పెట్టి, చేపలకు చేసినట్టే పైన రెండు దోసిళ్ళు ఉప్పు జల్లాడు.

"ఉప్పేత్తే ఐసుకి బిగువొత్తాది అక్కా. రేపటిదాకా బెంగెట్టుకోకు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా మూత తియ్యలేదు. చాన్నాళ్ళకి కాస్త నడుం వాల్చాను. సాయంత్రం సూది వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ పెట్టె తెరిచి చూస్తే నాలుగు సీసాల్లోనూ మందు రాయిలా గడ్డకట్టి ఉంది. కరిగాక వాడకూడదా అని అడిగాను.

"గడ్డకట్టాక ఇంకేటి మందమ్మా, పారబొయ్యి," అంది.

కరెంటు పోయి పాడవుతాయని భయపడ్డదాన్ని, ఉప్పుతో చల్లదనం మరీ ఎక్కువచేసి పాడుచేసుకున్నాను. ఆ స్నేహితుడు తల దించుకుని వెళ్ళిపోయాడు. అతన్ని అనడానికి నాకు నోరు రాలేదు, ఆ ఉప్పు డబ్బా అందించింది నేనే.

నెలాఖరుదాకా మళ్ళీ ఇవ్వలేమన్నారు హాస్పిటల్లో. చివరికి డయాలసిస్ దగ్గర పరిచయమైన నందిగాం ఆవిడ పుణ్యం కట్టుకుంది. వాళ్ళాయనకి రక్తం కాస్త పెరిగి ఆ వారం సూది వద్దన్నారట, ఒక సీసా ఇచ్చింది. దాన్ని పసిబిడ్డలా ఇంటికి తెచ్చాను. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగాక వచ్చి వేస్తానంది నర్సమ్మ.

ఆ మర్నాడే గాలి. పదకొండింటికి కరెంటు పోయింది. ఈసారి ఐసు జోలికి పోలేదు. మధ్యాహ్నానికి ఫ్రిజ్‌లో చల్లదనం పోయాక, కుండలో తడి ఇసుక పోసి, సీసాని గిన్నెలో పెట్టి అందులో దించి, చుట్టూ తడిగుడ్డ కట్టాను. కట్టిన గుడ్డ కట్టినట్టే ఆరిపోతోంది. నీళ్ళు పోస్తూ, ఇంట్లోకి వీధిలోకి తిరుగుతూ, లైన్‌మ్యాన్‌ని మనసులో తిట్టుకుంటూ, నన్ను నేను తిట్టుకుంటూ గడిపాను.

నాలుగు దాటాక ఫోన్ మోగింది.

"వదినా, గాలి తగ్గిందా? ఇచ్చెమంటావా?"

అరుగు మీదకొచ్చి చూశాను. తోటలో ఎండాకులు ఇంకా నేల మీద పరుగులు తీస్తున్నాయి. చెట్ల కింద పక్కింటి కోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వంగి జీడిపిక్కలు ఏరుకుంటున్నారు. వాళ్ళ తలల మీదుగానే తీగలు ఊగుతున్నాయి. తగ్గింది నాయినా, ఇచ్చెయ్ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. వచ్చింది కాబట్టే సిగ్గుపడుతూ రాస్తున్నాను.

"లేదు నాయినా, తగ్గలేదు. ఇయ్యకు."

"అన్నయ్య సూదిమందు ఇంట్లో ఉందన్నావు గదా?"

"ఉందిలే. ఇయ్యకు."

ఫోన్ పెట్టేసి లోపలికొస్తే ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఐతే నా కంటే తోటే ఎక్కువన్నమాట నీకు," అన్నాడు నవ్వుతూ.

మరో రోజైతే దానికి దీటుగా ఏదో ఒకటి అనేదాన్ని. ఆ వేళ నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే కుండకి గుడ్డ మళ్ళీ తడిపి కట్టి, నర్సమ్మ బండి చప్పుడు కోసం గుమ్మంలో కూర్చున్నాను. గాలి హోరులో ఏమీ వినపడలేదు.