శాండీ దొర భుజం

మా సాంబశివరావు మాస్టారు ఇక లేరు. మొన్న మంగళవారం ఉదయం తెనాలిలో మా ఇంట్లో టిఫిన్ ముందు కూర్చుని ఉండగా, బాపట్ల నుంచి ఆయన కుమార్తె భారతి ఫోను చేసింది. "నాన్న నిద్దర్లోనే వెళ్ళిపోయారు అన్నయ్యా" అంది. అంతకుముందు ఆదివారమే గదా, బాపట్ల మైదానంలో నేను ఆట నేర్పే పిల్లల చేత బంతిని ఊరికే గాల్లోకి తన్నిస్తున్నానని నాకు చివాట్లు పెట్టింది! నేను రిటైరైన మనిషినన్న సంగతి ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

బాపట్లలో డ్రిల్లు మాస్టారుగా ఆయన ఫుట్‌బాల్ నేర్పిన శిష్యులు తెనాలి, రేపల్లెల దాకా ఉన్నారు. ఆ విద్యకు మూలపురుషుడు ఒక స్కాట్లాండు దేశస్థుడు. రేపల్లె రైలు మార్గం వేస్తున్న కాలంలో మాస్టారి తండ్రిగారు అక్కడ కూలి. పని చేయించే శాండీ దొర స్వదేశంలో బొగ్గుగనుల ఊరి జట్టుకు ఎడమ వైపు ఆడి, ఒక పెద్ద జట్టులో చోటు సంపాదించి, మొదటి ఏడే మోకాలు విరగ్గొట్టుకుని, ఉదరపోషణార్థం ఇక్కడికి చేరినవాడట. సాయంత్రాలు కుంటుతూనే కూలీలకు ఆట నేర్పాడు. అలా నేర్చుకున్న తండ్రిగారు మాస్టారికి నేర్పారు. లైను పూర్తయ్యాక ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆయన ఇంటిపేరు ఎవరికీ తెలియదు. ఆ క్రీడాజీవితమంతా మా మాస్టారి నోటనే మిగిలింది.

దొర పెట్టిపోయిన ఆనవాయితీ ఒకటుంది. గోలు కొట్టినవాడు గంతులు వేయకూడదు. తనకు బంతి అందించినవాడి దగ్గరికి వెళ్ళి భుజం తాకాలి. అతడు తనకు అందించినవాడి భుజం తాకాలి. అలా గోలు కాసే గోలీ దాకా వచ్చాక, గోలీ వెళ్ళి గురువు భుజం తాకాలి. గురువుకు తన గురువు దగ్గరుంటే ఆయన భుజం తాకాలి.

నేను చదువుకునే రోజుల్లో ఒకసారి మా బడి జట్టుకు గుంటూరులో ఫైనల్. గోలు కొట్టి ముందంజలో ఉన్నాం. మా గోలీ భక్తిశ్రద్ధలతో గీత దాటి, వెనక నిలబడ్డ మాస్టారి భుజం తాకడానికి వెళ్ళాడు. ఈలోగా ఆట మళ్ళీ మొదలుపెట్టమని రిఫరీ ఈల వేశాడు. అవతలివాళ్ళు మైదానం మధ్య నుంచే ఖాళీ గోలులోకి తన్నేశారు. ఆ తర్వాత ఇంకొకటి కొట్టి కప్పు పట్టుకుపోయారు.

తిరుగు రైల్లో హెడ్మాస్టరుగారు మండిపడ్డారు. "ఏంటండీ ఈ భుజాలు తాకడం? ముందు మానిపించండి!"

"కప్పుదేముందండీ, వచ్చే ఏడూ పెడతారు. ఇచ్చినోణ్ణి మర్చిపోవడం అలవాటైతే మాత్రం బాగుపడటం కష్టమండీ" అన్నారు మాస్టారు. ఆ ఆనవాయితీ ఇప్పటికీ అలాగే సాగుతోంది.

సూర్యలంక సముద్రతీరాన తెల్లవాడెవరైనా కనబడితే చాలు, మాస్టారు ఎదురెళ్ళి, "శాండీగారని ఫుట్‌బాల్ ఆడేవారు, తెలుసాండీ?" అని అచ్చ తెలుగులో అడిగేసేవారు. వాళ్ళు వెర్రిమొహం వేసేవారు, మేం సిగ్గుతో చచ్చేవాళ్ళం.

ఒకనాడు ఉండబట్టలేక అన్నాను. "ఆయన పోయి ఎంత కాలమైందో మాస్టారూ. ఇంకా ఎందుకండీ వెతకడం?"

మాస్టారు సముద్రం వంక తిరిగారు. "పోయాడనేరా నా బాధ. విరిగిన కాలితో తన ఆట అక్కడితో అయిపోయిందనుకునే పోయుంటాడు. ఇక్కడ ఇంతమందిమి ఆడుతున్నామని ఆయనకెవరు చెప్పారు? మా నాన్న భుజం నేను తాకా. మా నాన్న తాకాల్సిన భుజం అట్టాగే ఉండిపోయింది" అన్నారు. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ మహామనిషి కన్నీరు నేను చూడటం అదే మొదలు, అదే చివర.

ఆయన అస్థికలు సూర్యలంకలోనే కలిపాం. మాస్టారికి కొడుకులు లేరు, కర్మంతా భారతే చేస్తోంది. శిష్యులమంతా ఆమె వెనక మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వెనక నుంచి నా భుజం మీద ఒక చెయ్యి పడింది. నేను భారతి భుజం తాకాను. ఆమె కలశం వంచి, తడి చేత్తో అలను తాకింది. "నాన్నా, ఆయన కనబడితే మా అందరి సంగతీ చెప్పు" అంది.

మాస్టారూ, నిన్న ఆదివారం ఆట మానలేదు. మానితే మీరు ఊరుకోరు. పిల్లలు గోలు కొట్టారు. ఒకరి భుజం ఒకరు తాకుతూ వచ్చి, గోలీ నా భుజం తాకాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి మీ వైపు తిరిగాను. మీరు నిలబడే చోట ఎవరూ లేరు. నా చెయ్యి అట్టాగే ఉండిపోయింది. కాసేపటికి రెండో చెయ్యి కూడా కలిపి, ఆ చోటుకే నమస్కారం పెట్టాను.