జ్ఞానమ్మగారి చెలమ

దిండి అవతల గోదావరి మధ్యలో ఓ చిన్న లంక ఉంది. అందులో పదమూడు ఇళ్ళు. రేవు పక్కన మొదటి ఇల్లు జ్ఞానమ్మగారిది. వేసవిలో సముద్రపు పోటుకి ఏరు ఉప్పెక్కిపోతే ఆ పదమూడు ఇళ్ళకీ తాగడానికి ఒకటే ఆధారం, ఇసుకలో మోకాటిలోతు తవ్విన చెలమ. తెల్లారగానే ఆవిడ పాతనీళ్ళు తోడి పారబోసి, కొత్తనీళ్ళు ఊరేదాకా పక్కనే కూర్చునేవారు. చెప్పులతో ఎవరూ దాని దరికి పోరు. దాహమని వచ్చినవాళ్ళకి లేదనడం ఆ లంకలో ఎరగరు.

ఆ చెలమని పాడుచేసింది నేనే. బుకాయించి లాభం లేదు. డెబ్బై ఆరులో, రాజోలులో మాస్టారుగా ఉండగా, పిల్లల్ని లాంచీలో అక్కడికి పిక్నిక్కి తీసుకెళ్ళాను. నీళ్ళడిగితే ఆవిడ చెలమ చూపించి, "ముందు మీరు ముంచుకోండి మాస్టారూ, మా ఊరొచ్చిన చుట్టాలు కదండీ" అన్నారు. నా నోరు ఊరుకుంటుందా! ఆ నీళ్ళ తీపి గురించి కనిపించినవాడికల్లా చెప్పాను.

నాలుగేళ్ళు తిరిగేసరికి ప్రతి ఆదివారం లాంచీలు బారులు తీరాయి. ఆఫీసులవాళ్ళు, సినిమా షూటింగులవాళ్ళు. అడిగిన అందరికీ ఆవిడ చెలమ చూపించారు. ఆ మహానుభావులు దాని గట్టునే బిర్యానీ డేగిసాలు సబ్బేసి తోమారు, సోడాబుడ్లు పగలగొట్టారు, రెల్లు చాటుకి వెళ్ళొచ్చి అక్కడే కాళ్ళు కడుక్కున్నారు. ఇసుకే కదా, ఇంకిపోతుందనుకున్నారు. ఇంకి ఎక్కడికి పోతుంది, చెలమలోకే.

ఇదేదీ ఎరక్కుండా ఎనభై మూడు మే నెలలో మా స్కూలు స్టాఫుతో మళ్ళీ వెళ్ళాను. చెలమ పూడ్చేసి ఉంది.

"ఇక్కడ మంచినీళ్ళు లేవండి మాస్టారూ" అన్నారు జ్ఞానమ్మగారు, నేల చూస్తూ. "కిందటేడు ఆ నీళ్ళు తాగి లంకంతా వాంతులు, విరేచనాలండి. మా చెల్లి జీవరత్నం రాజోలు ఆస్పత్రికి చేరకుండానే పడవలో పోయిందండి."

నాకు తల కొట్టేసినట్టయింది.

అంతలో మాతో వచ్చిన లెక్కల టీచరు వెంకటలక్ష్మిగారు ఎండకి తూలి కూలబడ్డారు. ఏడోనెల గర్భిణి. జ్ఞానమ్మగారు ఒక్క క్షణం తటపటాయించారు. ఆనక వెదురుపొద వెనక్కి పరుగెత్తి చెంబెడు నీళ్ళు తెచ్చి తాగించారు. చెంబుకి తడి ఇసుక అంటుకుని ఉంది, అచ్చం చెలమలో ముంచినట్టు.

"ఇంత చల్లటి నీళ్ళు ఎక్కడివండీ?" అన్నారు మా హెడ్మాస్టారు, రెండు ఖాళీ కూజాలు చేతుల్లో పట్టుకుని.

రెండోసారి అబద్ధం ఆవిడ నోరు దాటి రాలేదు. నావంక చూశారు. చెల్లెల్ని పోగొట్టుకున్న ఆ మనిషి ఇక నామీదే ఆధారపడింది.

"దిండి నుంచి పడవలో తెచ్చుకుంటారండి. ఇంటికి రెండు బిందెలే" అన్నాను.

నమ్మారు. లాంచీ ఎక్కుతుంటే జ్ఞానమ్మగారు నా దగ్గరికొచ్చారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. మీరు మంచోరే. మళ్ళీ మాత్రం రాకండి."

"ఆయ్" అన్నాను. మళ్ళీ వెళ్ళలేదు.